విషాదాన్ని విన్న వైద్యుడు

కురుక్షేత్రంలో రథంపై కూలబడిన అర్జునుడి విషయంలో శ్రీకృష్ణుడు మొదట చేసిన పని వినడం. భగవద్గీత తొలి అధ్యాయంలో పరమాత్మ పలికింది ఒకే ఒక్క మాట. ఎదుట నిలిచిన కురువీరులను చూడమని చెప్పి, ఆపై సవ్యసాచి తన గోడంతా వెళ్లబోసుకునేదాకా మౌనం వహించాడు. ఆ అధ్యాయానికి అర్జున విషాదయోగమని పేరు. విషాదం సైతం యోగం కాగలదన్నది మన పెద్దల దర్శనం.

ఆ సత్యాన్ని మరో దేశంలో, మరో సంప్రదాయంలో తన బతుకుతోనే నిరూపించిన మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్. 1905 మార్చి 26న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో, యూదు కుటుంబంలో ఆయన జన్మించారు. వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడే, 1928 నుంచి యువతీయువకుల కోసం ఉచిత సలహా కేంద్రాలను నెలకొల్పారు. బడిపిల్లల మార్కుల పత్రాలు వచ్చే రోజుల్లో ప్రత్యేకంగా వారి బాధ వినే ఏర్పాటు చేశారు. వియన్నాలో విద్యార్థుల బలవన్మరణాలు తగ్గుముఖం పట్టాయి. ఆ తరవాత 1933 నుంచి 1937 వరకు ఒక మానసిక చికిత్సాలయంలో, బతుకుపై ఆశ వదులుకున్న స్త్రీల విభాగాన్ని చూశారు.

కన్నవారి కోసం...

యూదులపై నాజీల దమనకాండ సాగుతున్న 1941లో ఫ్రాంకల్‌కు అమెరికా వీసా లభించింది. వెళితే ప్రాణం దక్కుతుంది. వృద్ధులైన తల్లిదండ్రుల గతి ఏమిటి? ఈ సందిగ్ధంలో ఇంటికి వచ్చేసరికి బల్లపై ఒక పాలరాతి ముక్క కనిపించింది. నేలమట్టమైన ప్రార్థనామందిరం నుంచి తండ్రి దాన్ని తెచ్చారు. దానిపై చెక్కిన అక్షరం, తల్లిదండ్రులను గౌరవించమన్న దైవశాసనానికి చెందినది. ఫ్రాంకల్ వియన్నాలోనే ఉండిపోయారు.

ఆ నిర్ణయానికి ఆయన చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. 1942 సెప్టెంబరులో కుటుంబంతో సహా నిర్బంధ శిబిరానికి తరలించారు. నాలుగు శిబిరాలు దాటి, 1945 ఏప్రిల్ 27న విముక్తుడయ్యేసరికి తల్లి, తండ్రి, భార్య, సోదరుడు లేరు. శిబిరంలో ప్రాణంపై తీపి వదులుకున్న ఇద్దరు తోటి ఖైదీలతో ఆయన మాట్లాడారు. ఒకరి కోసం విదేశంలో బిడ్డ ఎదురుచూస్తున్నాడు. మరొకరు రాయవలసిన శాస్త్రగ్రంథాలు మిగిలిపోయాయి. తమ కోసం వేచి ఉన్నదేమిటో గుర్తుకు రాగానే ఇద్దరూ నిలబడ్డారు.

కంటివైద్యుడి పని

విడుదలయ్యాక ఫ్రాంకల్ పాతికేళ్లపాటు వియన్నా పాలీక్లినిక్‌లో నాడీవైద్య విభాగానికి అధిపతిగా పనిచేశారు. సలహాదారు చిత్రకారుడిలా తాను చూసిన లోకాన్ని గీసి చూపకూడదని, కంటివైద్యుడిలా ఎదుటివారి చూపును సరిచేయాలని ఆయన విశ్వసించారు. చేసే పనిలో, పంచుకునే ప్రేమలో, తప్పించుకోలేని దుఃఖాన్ని స్వీకరించే తీరులో మనిషి జీవితార్థాన్ని కనుగొనగలడన్నారు.

ఒకసారి ఒక వృద్ధ వైద్యుడు వచ్చారు. భార్య పోయి రెండేళ్లయినా ఆయన దుఃఖం తీరలేదు. ఫ్రాంకల్ ఓదార్పు మాటలేవీ పలకలేదు. ముందుగా మీరే కన్నుమూసి ఉంటే ఆమె స్థితి ఏమిటని మాత్రం అడిగారు. ఆమె భరించలేకపోయేదని ఆ పెద్దాయన జవాబు. ఆమెకు రావలసిన ఆ వేదనను మీరు మోస్తున్నారని ఫ్రాంకల్ గుర్తుచేశారు. వృద్ధుడు మౌనంగా చేయి కలిపి, ప్రశాంతంగా వెళ్లిపోయారు. దుఃఖం పోలేదు, దానికి అర్థం దొరికింది.

ఇంటర్ ఫలితాల వేళ మన ఇళ్లలోనూ ఎందరో పిల్లలు గాండీవం జారవిడిచిన అర్జునులే. వారికి ముందుగా కావలసింది ఉపదేశం కాదు, వినే చెవి. మన మాటతో కుదుటపడని మనసును మానసిక నిపుణుల వద్దకు తీసుకెళ్లడం నామోషీ కాదు, భక్తికి లోపమూ కాదు. జ్వరానికి మందు వేస్తూనే దేవుడికి మొక్కుకుంటాం కదా! కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ‘టెలీ మానస్’ సేవ 14416 నంబరులో రేయింబవళ్లు ఉచితంగా అందుతోంది.

సమస్త జ్ఞానాన్నీ బోధించిన పిమ్మట గీతాచార్యుడు అర్జునుణ్ని ఆజ్ఞాపించలేదు. అంతా విచారించి, తన ఇష్టప్రకారమే చేయమన్నాడు. ఆర్తుడి మాట విని, చూపు తెరిపించి, నిర్ణయం అతడికే విడిచిపెట్టడం- ఆ సారథి అడుగుజాడ అదే.