మెదడు గుమ్మం దాటితేనే... మందు!

మందు ఉంది. కానీ మెదడులోని కణితి దాకా వెళ్లలేదు. మధ్యలో ఓ కాపలా. అది ఉన్నది మన మేలుకే. చిక్కల్లా మందును దాన్ని దాటించడమే!

విశాఖ రేవుకొచ్చిన ఓడ నేరుగా లోపలికి వచ్చేయదు. సముద్రంలో లంగరేసుకుని ఆగుతుంది. పోర్టు పైలట్ ఎక్కి దారి చూపిస్తేనే డాల్ఫిన్స్‌నోస్ కొండ పక్కగా లోపలి హార్బర్‌కు చేరుతుంది. మన మెదడూ అంతే. రక్తంలో వచ్చిన ప్రతిదాన్నీ రానివ్వదు.

1885లో జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించారు. ఒళ్లంతా రంగు పాకింది, మెదడుకు తప్ప! మెదడులోని సన్నటి రక్తనాళాల గోడల్లో కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయని తర్వాత తేలింది. ఇదే 'బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్'. ఆక్సిజన్‌, గ్లూకోజ్‌లకు దారిస్తుంది. విషాలనూ క్రిములనూ చాలావరకు ఆపుతుంది. వాటితోపాటే చాలా క్యాన్సర్ మందులనూ!

కణితి మధ్యలో ఈ గోడ కొంత బీటలు వారుతుంది. అంచుల్లో మాత్రం చాలాచోట్ల గట్టిగానే ఉంటుంది. ఆపరేషన్లో గడ్డ తీసేసినా, మిగిలిన కణాలు ఆ చాటునే దాక్కుంటాయి.

మన సుబ్బారావు మందు

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో అమెరికాలోని లెడర్లీ సంస్థలో రూపుదిద్దుకున్న మందు మెథోట్రెక్సేట్. లుకేమియా పిల్లలకు అది వరమైంది. కానీ రక్తంలో జబ్బు తగ్గినా, కణాలు మెదడు చుట్టూ నక్కి ఉండేవి. అందుకే ఆ మందును వెన్నులోకి సూదితో ఎక్కించడం మొదలైంది. మెదడులో పుట్టే లింఫోమాకైతే నరంలోకి భారీ మోతాదులో ఇస్తారు, కొంతైనా గోడ దాటుతుందని. మిగతా ఒంటికి హాని కలగకుండా తర్వాత విరుగుడు ఇస్తారు.

ఎన్ని దారులో!

గడ్డ తీసిన చోటే అమర్చే కార్ముస్టిన్ బిళ్లలకు అమెరికా 1996లో అనుమతినిచ్చింది. టెమొజోలొమైడ్ చిన్న అణువు కావడంతో నోటితో మింగినా కొంత మెదడుకు చేరుతుంది. మొండి కణితి గ్లియోబ్లాస్టోమాకు రేడియేషన్‌తోపాటు దాన్నిస్తే, రెండేళ్లు బతికినవారు నూటికి 10 నుంచి 26కు పెరిగారని 2005లో తేలింది. పూర్తి విజయం కాదు. కానీ ఆ కుటుంబాలకు అది ఎంత విలువైన కాలం!

2015లో టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రి వైద్యులు రక్తంలోకి సూక్ష్మమైన బుడగలు ఎక్కించి, పుర్రె కోయకుండా అల్ట్రాసౌండ్‌తో గోడను కాసేపు తెరిచారు. మెదడు తనంతట తాను లోపలికి తీసుకునే ప్రొటీన్లకు మందును జోడించి పంపే ప్రయోగాలూ సాగుతున్నాయి. అచ్చం ఓడకు పైలట్‌లా!

విశాఖలో స్టీల్‌ప్లాంట్‌కు చేరువలో, అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రోజురోజుకీ ముదిరే తలనొప్పి, పొద్దున్నే వాంతులు, ఉన్నట్టుండి మూర్ఛ, మాట తడబడటం... ఇవి ప్రతిసారీ కణితే కానక్కర్లేదు. అలాగని మాత్ర వేసుకుని ఊరుకోవద్దు. వెంటనే డాక్టర్‌కు చూపించుకోవాలి. ఎందుకంటే, కణితి చిన్నగా ఉన్నప్పుడే వైద్యానికి దారులు ఎక్కువ.