అంబాసిడర్‌లో కాశీకి

షెడ్డులో దుమ్ము పట్టిన పాత కారు, కాశీ చూడాలని ఉందనే పెద్దవాళ్లు ఉన్న ఇళ్లు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లో ఇంకా ఉన్నాయి. ఆ కారునీ ఆ కోరికనీ కలిపే దారి మన హైదరాబాదు మీదుగానే పోతుంది.

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారాన్ని వెంటబెట్టుకుని కాశీకి బయలుదేరారు. పల్లకీల్లో ప్రయాణం. కడప, హైదరాబాదు, నాగపూర్, జబల్‌పూర్ దాటి గంగ ఒడ్డుకు చేరారు. తిరిగి మద్రాసు వచ్చేసరికి 1831 సెప్టెంబరు. ఏ మజిలీలో నీళ్లు దొరుకుతాయో, ఎక్కడ అంగళ్లున్నాయో, ఏ బాట ఎలా ఉందో ఆయన రాసుకుంటూ వెళ్లారు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ అలా పుట్టింది.

తర్వాతి కాలంలో దాదాపు అదే దిక్కున తారురోడ్డు పడింది. కాశీ నుంచి కన్యాకుమారి దాకా 2,300 కిలోమీటర్లకు పైగా సాగిన పాత ఏడో నంబరు జాతీయ రహదారి హైదరాబాదు మీదుగానే వెళ్లేది. 2010లో నంబర్లు మారాయి. ఇప్పుడు మేడ్చల్ నుంచి నాగపూర్ దాటి లఖనాదోన్ వరకు అది 44వ నంబరు రహదారి. అక్కడ జబల్‌పూర్ వైపు తిరిగితే కాశీ దారి.

ఇంటిల్లిపాదీ పట్టిన బండి

ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో అంబాసిడర్‌ను తెచ్చింది. పశ్చిమ బెంగాల్ ఉత్తరపారాలో 2014 మే దాకా తయారైంది. పాత మోడళ్లలో 1,489 సీసీ పెట్రోలు ఇంజను. గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది కాబట్టి ముందు సీటు ఒకే పొడుగు బల్లలా ఉండి, ముగ్గురికి చోటిచ్చేది. వెనక తాతయ్య, నానమ్మ, ఒళ్లో పిల్లలు. డిక్కీలో పరుపుచుట్ట, కిరసనాయిలు స్టవ్వు, పులిహోర డబ్బా, నీళ్ల క్యాను. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి తిరుపతికో భద్రాచలానికో కదిలేవాళ్లు.

ఆ బండిలో వేగం లేదు, ఏసీ లేదు. ఇంజను వేడెక్కితే చెట్టు కింద ఆపాల్సిందే. ఎండాకాలం ఇంజను పెట్రోలు పంపులో ఆవిరి పట్టి బండి మొరాయిస్తే తడిగుడ్డ చుట్టి కూర్చోవాల్సిందే. ఆ ఆగిన చోటే నానమ్మ తన పెళ్లినాటి ప్రయాణం చెప్పేది, పిల్లలు వినేవాళ్లు. ఇవాళ విమానంలో రెండు గంటల్లో కాశీ చేరుకుంటాం. ఆ మాటలకు మాత్రం అందులో తీరిక ఉండదు.

ఇది ఒట్టి జ్ఞాపకం కాదు. 2023లో అహ్మదాబాద్‌కు చెందిన ఒక కుటుంబం 1950 నాటి ఎంజీ వైటీ కారులో, తాత నుంచి మనవరాలి వరకు, ఆ కారు పుట్టిన ఇంగ్లండులోని ఆబింగ్డన్‌కు బయలుదేరి క్షేమంగా చేరింది. అన్నేళ్ల బండి ఖండాలు దాటగలిగినప్పుడు మన అంబాసిడర్‌కు 1,200 కిలోమీటర్లు లెక్కలోది కాదు.

ఐదు పగళ్ల దారి

రోజుకు సుమారు 300 కిలోమీటర్లు మించకుండా, పగలే నడపాలి. మొదటి రాత్రి ఆదిలాబాద్. దారిలో సోన్ దగ్గర గోదావరి, నిర్మల్‌లో కొయ్యబొమ్మలు, ఆ తర్వాత మహబూబ్ ఘాట్ ఎక్కుడు. రెండో రాత్రి నాగపూర్. మూడో రోజు పెంచ్ అడవి. అక్కడ పులులు, దుప్పులు కింది నుంచి దాటేలా రహదారిని వంతెనల మీదికి ఎత్తారు. పిల్లలకు తప్పక చూపించాలి. ఆ రాత్రి నర్మద ఒడ్డున జబల్‌పూర్, నాలుగో రాత్రి రీవా, ఐదో సాయంత్రానికి మీర్జాపూర్ మీదుగా కాశీ. తెలుగు భోజనం, తెలుగు పలకరింపు కావాలంటే శ్రీరామతారక ఆంధ్రాశ్రమం ఉంది. జనవరిలో ఉత్తరాదిన పొగమంచు ఎక్కువ, కాబట్టి నవంబరు గానీ ఫిబ్రవరి గానీ మేలు.

బయలుదేరే ముందు

బ్రేకులు, స్టీరింగ్, టైర్లు మొదట చూపించాలి. టైరుకు అరుగుదల లేకపోయినా ఏళ్లు గడిస్తే రబ్బరు పగులుతుంది, మార్చాల్సిందే. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను అది తినేస్తుంది. వాటి స్థానంలో ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించాలి. ఫ్యాన్ బెల్టు, పాయింట్లు, కండెన్సరు, రేడియేటర్ పైపులు, స్టెప్నీ అదనంగా ఉండాలి. పాత కార్లకు లేకపోయినా సీటు బెల్టులు బిగించుకోవాలి. పిల్లలను ముందు సీట్లో, ఒళ్లో కూర్చోబెట్టే పాత అలవాటు మాత్రం వద్దు.

కాగితాలూ ముఖ్యమే. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 50 ఏళ్లు దాటిన బండ్ల కోసం కేంద్రం 2021లో వింటేజ్ నిబంధనలు తెచ్చింది. ఆ కోవలో నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకే తప్ప మామూలుగా రోడ్ల మీద తిప్పడానికి ఒప్పుకోరు. యాత్ర ఆలోచన ఉంటే ముందే ఆర్టీఏ కార్యాలయంలో అడిగి తేల్చుకోండి.

ఇంకెంతకాలం?

అశోక్‌నగర్‌లో పాత ఇళ్లు కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అవుతున్నాయి. ఇల్లు పోతే షెడ్డు పోతుంది, షెడ్డుతో పాటు కారు తుక్కు దుకాణానికి పోతుంది. కార్బురేటర్ విప్పి, చెవితో విని ఇంజను సర్దగల మేస్త్రీలకూ వయసు మీద పడుతోంది. వాళ్ల చేతిలో పనిపెట్టని ప్రతి ఏడాదీ ఆ విద్య కొంత పోతున్నట్టే. పాత కారును గుడ్డ కప్పి పూజించడం కాపాడటం కాదు, నడిపితేనే అది బతుకుతుంది.

ఈ ఆదివారం బోనెట్ ఎత్తి చూడండి. మేస్త్రీని పిలవండి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి వీరాస్వామయ్య పుస్తకం అడగండి. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఏ నెలలో బయలుదేరదామో అడిగి, తేదీ ఖాయం చేయండి. కారు ఇంకో పదేళ్లు ఆగగలదేమో గానీ, పెద్దవాళ్లను ఆగమనడం న్యాయం కాదు.