జీతగాని నాగా, పత్తి ఏరే అమ్మ కిలో లెక్క: చట్టం ఏమంటున్నది?

పొలంలో పనిచేసినవాడికి కూలి ఇవ్వడం ఆసామి దయ అనీ, సెలవు అన్నది సర్కారు నౌకర్లకే చెల్లే మాట అనీ మన పల్లెల్లో ఇప్పటికీ ఒక నమ్మకం పాతుకుపోయి ఉన్నది. పూడూరు మండలంలోనే కాదు, వికారాబాదు, తాండూరు చుట్టుప్రక్కల ఎక్కడైనా ఇదే వరస. ఈ నమ్మకం ఎవరికి లాభమో వేరే చెప్పనక్కరలేదు. కూలి విషయంలో, విశ్రాంతి విషయంలో చట్టంలో ఉన్నదేమిటి, లేనిదేమిటి అన్నది కూలీలే కాదు, చిన్న రైతులు కూడా తెలుసుకోవాలని మేము భావిస్తున్నాము.

భగేలా పోయింది, జీతం మిగిలింది

నిజాం రాజ్యంలో అప్పు చేసిన పాపానికి భూస్వామి ఇంట తరాల తరబడి చాకిరీ చేయడాన్ని భగేలా అనేవారు. 1943లో నిజాం ప్రభుత్వం దాని మీద ఒక నిబంధన తెచ్చింది. కాగితం కదిలింది గాని మెడ మీది కాడి దిగలేదు. వెట్టిని నిజంగా దెబ్బతీసింది తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటమే. 1976లో పార్లమెంటు వెట్టిచాకిరీ రద్దు చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం వెట్టికి మూలమైన అప్పు రద్దవుతుంది. వెట్టి చేయించినవాడికి మూడేండ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవలసిన భారం అప్పు ఇచ్చినవాడిదే.

ఇప్పుడు రూపం మారింది. ఉగాదికి ఉగాది లెక్కన జీతముండేవాడు ఉన్నాడు. హైదరాబాదు–బీజాపూరు రోడ్డు పొడుగునా, మన్నెగూడ వైపు, చేన్లు ప్లాట్లయ్యాయి, ఫాంహౌసులు లేచాయి. అక్కడ కావలి కాసేందుకు, చెట్లకు నీళ్ళు పెట్టేందుకు మొగుడూ పెళ్ళాలను పెట్టుకొని ఒక్క జీతం ఇచ్చే పద్ధతి ఒకటి ఉన్నది. ‘ఉండనీకె రూము ఇచ్చినం గద’ అన్నది యజమాని జవాబు. ఇద్దరు పనిచేస్తే ఇద్దరికీ వేతనం రావాలి. రూము ఇచ్చినంత మాత్రాన ఆమె శ్రమ ఉచితం కాదు.

చట్టంలో ఉన్నది

1948 నాటి కనీస వేతనాల చట్టం వ్యవసాయాన్ని కూడా తన జాబితాలో చేర్చుకున్నది. 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్లను అమలులోకి తెచ్చినప్పటినుంచి ఆ చట్టం స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ నడుస్తున్నది. ఈ కోడ్లకు వ్యతిరేకంగా 2025 జూలై 9న కార్మిక సంఘాలు దేశవ్యాప్త సమ్మె చేశాయి. ఆ వ్యతిరేకత న్యాయమైనదే. అయినా అందులో మనకు పనికివచ్చే నాలుగు ముక్కలున్నాయి, వాటిని వదులుకోకూడదు.

ఒకటి: రోజుకూలికి ఆ రోజు పని దిగగానే, వారం కూలికి వారం చివర, నెల జీతగానికి మరుసటి నెల ఏడో తేదీ లోపల డబ్బు ముట్టాలి. ‘పంట అమ్మినంక ఇస్తా’ అన్న మాటకు చట్టంలో చోటు లేదు.

రెండు: పత్తి ఏరే ఆడవాళ్ళకు కిలోకింత అని కడతారు. చివరి ఏరుడులో చెట్టుకు కాయ పలుచబడుతుంది, పొద్దంతా వంగినా కిలోలు రావు. కిలో రేటు విడిగా ప్రభుత్వం నిర్ణయించనప్పుడు, రోజుకు నిర్ణయించిన కనీస కూలి తగ్గకుండా ఇచ్చి తీరాలి. ఒకే పనికి మగవానికొక రేటు, ఆడదానికొక రేటు పనికిరాదు.

మూడు: జీతగాడు ఒక్కరోజు నాగా చేస్తే ఆ ఒక్కరోజు జీతమే కోయాలి. రెండు రోజులది కోయడం చట్టవిరుద్ధం. గంటలు మించిన పనికి రెట్టింపు కూలి.

నాలుగు: కూలి ఎగ్గొడితే మూడేండ్ల లోపల దావా వేయవచ్చు. బాకీతో పాటు దానికి పదింతల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉన్నది. కూలి ఇచ్చానని రుజువు చేయవలసింది యజమానే. కూలి తరఫున ఆమె సభ్యురాలైన రిజిస్టరైన కార్మిక సంఘం కూడా దరఖాస్తు వేయవచ్చు.

కనీస వేతనం కన్న తక్కువ ఇచ్చి పనిచేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని 1982లో సుప్రీంకోర్టు, ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో తేల్చి చెప్పింది. ఆ మాట ఢిల్లీకొకటి, పూడూరుకొకటి కాదు.

లేనిది

సెలవు దగ్గరికి వచ్చేసరికి చట్టం చేతులు ముడుచుకుంటుంది. ఏడాదిలో 180 రోజులు పనిచేస్తే ఇరవై రోజులకొక రోజు చొప్పున జీతంతో సెలవు అన్న హక్కు పదిమంది, అంతకు పైబడి పనిచేసే సంస్థలకే. తాండూరు సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుడు దాన్ని అడగగలడు. ఒక్క ఆసామి దగ్గర ఒక్కడే ఉండే జీతగాడు అడగలేడు. ఎద్దుకు కూడా ఏరువాక నాడు పూజ చేసే దేశంలో మనిషికి మాత్రం విశ్రాంతి లేదు!

మార్గం లేకపోలేదు. వేతనాల కోడ్‌లోనే, ఏడు రోజులకొక రోజు కూలితో కూడిన విశ్రాంతిని నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. వ్యవసాయంలో వేతనంతో సెలవుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952లోనే ఒక ఒడంబడిక చేసింది. కేరళ 1974లోనే వ్యవసాయ కార్మికులకు ప్రత్యేక చట్టం తెచ్చుకున్నది.

చిన్న రైతు గోడు

‘నా పత్తికే ధర లేదు, కూలి ఏడికెల్లి తేవాలె?’ అని రెండెకరాల రైతు అడుగుతాడు. అది అబద్ధం కాదు. 2025 ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతి సుంకాన్ని ఎత్తివేసి, ఆ ఏడాది చివరి దాకా పొడిగించింది. పొడుగు పింజకు ఆ సీజన్ మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ పేరుతో అది కూడా కోతపడుతుంది. కాని ఆ లోటును పత్తి ఏరే తల్లి కూలిలోంచి పూడ్చుకోవడం పరిష్కారం కాదు. రైతుకు గిట్టుబాటు ధర, కూలికి గిట్టుబాటు కూలి — రెండూ ఒకే చోట అడగవలసినవి, ఒకే నోటితో అడగవలసినవి.

అందుచేత మేము చెప్పేదొక్కటే. కార్మిక శాఖ ఆఫీసులో వ్యవసాయానికి వర్తించే వేతనాల జీవో ప్రతి అడిగి తెచ్చుకోండి. పంచాయతీ గోడకు అంటించండి. పనిదినాలు, ముట్టిన డబ్బు ఒక చిన్న నోటుబుక్కులో రాసుకోండి. రాయడం రానివారికి బడికి పోయే పిల్లలు రాసిపెట్టాలి. వచ్చే ఉగాదికి జీతం కుదిరేటప్పుడు వారానికొక రోజు సెలవును నలుగురి ముందు మాట్లాడుకోండి. ఒక్కడు అడిగితే ఆసామి ఇంకొకణ్ణి చూసుకుంటాడు. ఊరంతా అడిగితే వినక తప్పదు.