3.4 ఇంటరప్ట్ సర్వీస్ రొటీన్‌లో ఎంత పని చేయాలి?

ఇంటరప్ట్ రాగానే ప్రాసెసర్ చేస్తున్న పనిని ఆపి సర్వీస్ రొటీన్‌కు వెళుతుందని గత భాగంలో తెలుసుకున్నారు. ఆ రొటీన్‌లో ఎంత పని చేయాలి, ఎంత తర్వాతకు వదలాలి అన్నదే డ్రైవర్ రాసేవారికి అసలు సమస్య.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు దగ్గరలో, తొలి తెలుగు శాసనానికి పేరుపొందిన కలమల్ల వద్ద రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఇటువంటి కేంద్రాల లైన్లకు కాపలా రిలేలు. తీగ తెగి నేలను తాకితే రిలే గుర్తించి బ్రేకరును తెరిపించాలి. ఆలస్యమైతే ప్రాణాలకే ముప్పు. ప్రొద్దుటూరు మరమగ్గానికైనా, పులివెందుల బోరు మోటారుకైనా అందే కరెంటు సెకనుకు 50 ఆవృతాలు, ఒక్కొక్కటి 20 మిల్లీసెకన్లు. డిజిటల్ రిలే ఒక ఆవృతంలో 80 సార్లు కరెంటును కొలుస్తుందనుకుందాం. అంటే ప్రతి 250 మైక్రోసెకన్లకు ఒక ఇంటరప్ట్.

కొలిచిన విలువపై ఫిల్టర్ లెక్కకు 180 మైక్రోసెకన్లు పడుతుందనుకోండి. లెక్కంతా రొటీన్‌లోనే చేస్తే ఫలితం వెంటనే వస్తుంది. కానీ అంతసేపూ అదే ప్రాధాన్యం గల ఇతర ఇంటరప్ట్‌లు ఆగాలి. 115200 బాడ్ సీరియల్ పోర్టులో సుమారు 87 మైక్రోసెకన్లకు ఒక బైటు వస్తుంది. పోర్టులో ఒక్క బైటుకే చోటుంటే, ఈలోగా కనీసం ఒకటి పోతుంది.

అందుకే విలువను చదివి బఫర్‌లో వేసి రొటీన్ తిరిగి వచ్చేయాలి. లెక్కను థ్రెడ్ చూసుకుంటుంది. ఇప్పుడు డేటా పోదు, కానీ థ్రెడ్ తన వంతు కోసం వేచి ఉండాలి కనుక నిర్ణయం ఆలస్యం కావచ్చు. సగటు ఆలస్యం తక్కువని ఇక్కడ సంతోషించకండి. తీగ తెగేది సగటు క్షణంలోనే అని ఎవరు చెప్పారు? చూడవలసింది గరిష్ఠ ఆలస్యాన్ని. లినక్స్‌లో 2024లో 6.12 వెర్షన్‌తో ప్రధాన కెర్నల్‌లో చేరిన ప్రీఎంప్ట్-ఆర్‌టీ చాలా ఇంటరప్ట్‌లను థ్రెడ్‌లుగా నడుపుతుంది. మొత్తం పని వేగం కొంత తగ్గినా గరిష్ఠ ఆలస్యం అదుపులో ఉంటుంది.

ఇంటరప్ట్‌ల సంఖ్యను తగ్గించడం మరో మార్గం. 16 బైట్ల బఫర్ గల 16550 చిప్‌ను ప్రతి 8 బైట్లకు ఒకసారి పిలిచేలా అమర్చితే సెకనుకు 11,520 ఇంటరప్ట్‌లు 1,440కి దిగుతాయి. అయితే మొదటి బైటు సుమారు 600 మైక్రోసెకన్లు కాచుకుంటుంది. మీటరు రీడింగులకు ఇది ఫరవాలేదు, బ్రేకరు ఆదేశానికి ఆలోచించాలి.

అభ్యాసం: ఫిల్టర్ లెక్క 240 మైక్రోసెకన్లకు పెరిగింది. దానిని థ్రెడ్‌కు మార్చితే సరిపోతుందా? మిగిలిన 10 మైక్రోసెకన్లలో ప్రాసెసర్ ఏమేమి చేయాలో రాసి చూడండి.