మెట్ట పొలాల కౌజు పిట్ట: జీవన విధానం, సంరక్షణ స్థితి

తెలుగు ప్రాంతాలలో కౌజు, పూరేడు అనే పేర్లు ఒకే పక్షికి పరిమితమైనవి కావు. గడ్డిలో నక్కి, కాలికింద నుండి ఒక్కసారిగా ఎగిరిపోయే చిన్న గోధుమరంగు పక్షులన్నిటికీ ఈ పేర్లే వాడుకలో ఉన్నాయి. సంరక్షణను గురించి చర్చించే ముందు ఈ గందరగోళాన్ని తొలగించుకోవడం అవసరం.

వీటిలో మెట్ట సేద్యంతో సన్నిహిత సంబంధం కలిగినది కోటర్నిక్స్ కోరమండెలికా. దీని శాస్త్రీయ నామంలోనే కోరమాండల్ తీరం ఉన్నది. ఆంగ్లంలో రెయిన్ క్వెయిల్ అని పిలువబడే ఈ జాతి ఈ వ్యాసంలో వాన కౌజుగా పేర్కొనబడుతున్నది. దీనికి దగ్గరి బంధువైన కోటర్నిక్స్ కోటర్నిక్స్ అధికంగా శీతాకాలపు వలస పక్షి. మగ వాన కౌజు రొమ్ముపై నల్లని మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. ఆడ పక్షులను గుర్తించడం కష్టం; వలస కౌజు రెక్కల ప్రాథమిక ఈకలపై లేత గోధుమరంగు అడ్డచారలు ఉంటాయి, వాన కౌజుకు అవి ఉండవు. కూత కూడా నమ్మదగిన ఆనవాలే. వలస కౌజు మూడు స్వరాలు పలికితే, వాన కౌజు రెండే పలుకుతుంది.

టర్నిక్స్ ప్రజాతి పక్షులు చూపునకు కౌజులే అయినా వాటితో బంధుత్వం లేనివి. వాటి పాదానికి వెనుకవేలు ఉండదు. ఆడపక్షి పెద్దది, రంగుగలది. గుడ్లను పొదిగేది మగపక్షి. వర్గీకరణలో ఇవి కోడి జాతికి కాక తీరపు పక్షుల క్రమానికి చెందుతాయి.

వాన కౌజు సంతానోత్పత్తి ప్రధానంగా నైరుతి ఋతుపవనాలతో ముడిపడి ఉంటుంది. నేలమీద చిన్న గుంటలో, గడ్డి దుబ్బు లేదా పైరు నీడలో, సాధారణంగా 6 నుండి 8 గుడ్లు పెడుతుంది. పొదిగే కాలం 16 నుండి 18 రోజులు. పిల్లలు గుడ్డు నుండి వెలువడిన కొద్ది గంటలలోనే తల్లి వెంట నడుస్తాయి. పెద్ద పక్షులకు గింజలు, కలుపు విత్తనాలు ముఖ్యాహారం కాగా, పిల్లల తొలి వారాల ఎదుగుదలకు కీటకాల నుండి లభించే మాంసకృత్తులు అత్యవసరం. పురుగుమందు ప్రభావాన్ని చచ్చిన పక్షుల లెక్కతోనే అంచనా వేయడం సరికాదనడానికి కారణం ఇదే. పురుగులు లేని పొలంలో తల్లి బ్రతికే ఉంటుంది, పిల్లలు మాత్రం ఎదగవు. మందు పట్టించిన విత్తనాలు మట్టి కప్పకుండా నేలపై మిగిలిపోతే గింజలు తినే పక్షులకు కలిగే ముప్పు దీనికి అదనం.

సేద్య శాస్త్ర దృష్టితో చూడవలసిన మరొక అంశం కాలవ్యవధి. రోజుకొక గుడ్డు చొప్పున పెట్టినా, మొదటి గుడ్డు నుండి పిల్లలు గూడు విడిచేవరకు దాదాపు 25 రోజులు పడుతుంది. ఖరీఫ్ వేరుశనగ, జొన్న, సజ్జ చేలలో పదిహేను, ఇరవై రోజుల కొకసారి గుంటక తోలితే పైరు సాళ్ళ మధ్యనున్న గూడు ఈ వ్యవధిలో కనీసం ఒకసారి దాని దారిలోకి రాక తప్పదు. అంతరకృషిని మానుకొమ్మని రైతుకు చెప్పడం అవివేకం. కాబట్టి గూటికి మిగిలే చోటు గట్టు, బీడు మాత్రమే. ఆ గట్లపై కూడా కలుపు మందు చల్లడం పరిపాటి అయినప్పుడు ఆ చోటూ పోతుంది.

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం జాబితాలో వాన కౌజు, వలస కౌజు రెండూ 'తక్కువ ఆందోళన' వర్గంలోనే ఉన్నాయి. అయితే వలస కౌజు సంఖ్య తగ్గుముఖంలో ఉన్నదని అదే జాబితా సూచిస్తుంది. ఈ వర్గం జాతి మొత్తానికి అంతరించే ప్రమాదాన్ని కొలుస్తుందే గాని, ఒక మండలంలోని పచ్చిక బీళ్ళ స్థితిని కాదు. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ భేదాన్ని విస్మరించరాదు. హిమాలయ కౌజును 1876 తరువాత ధ్రువపడిన రీతిలో ఎవరూ చూడలేదు. అది 'తీవ్ర ప్రమాదస్థ' వర్గంలో ఉన్నది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి కౌజుల వేటను నిషేధించింది. ఆ చట్టపు నిర్వచనం ప్రకారం గూటిని చెదరగొట్టడం, గుడ్లను పాడుచేయడం కూడా వేటలో భాగమే. అయినా పంజరంలోని మగపక్షి కూతతో ఆకర్షించి వలవేసే పద్ధతి అంతరించలేదు. రికార్డు చేసిన కూతలు దానిని మరింత సులభం చేశాయి.

ఫారాలలో పెంచే కౌజు కోటర్నిక్స్ జపోనికా, అనగా జపాన్ కౌజు. 1970వ దశకంలో భారతదేశానికి తెచ్చిన ఈ పక్షి ఆరేడు వారాలకే గుడ్లు పెడుతుంది, ఐదు వారాలకే మాంసానికి అమ్ముడుపోతుంది. దీని మాంసం సులభంగా దొరకడం అడవి పక్షిపై ఒత్తిడిని తగ్గించగలదు. కాని ఫారం పక్షి పేరుతో అడవి పక్షిని అమ్మే అవకాశాన్నీ అదే కల్పిస్తుంది. ఈక తీసిన తరువాత రెంటినీ వేరుచేయడం తనిఖీ అధికారికి తేలిక కాదు. ఇంతకన్నా తక్కువగా చర్చకు వచ్చే ప్రమాదం జన్యు సంకరం. వేట కోసం ఫారం పక్షులను విడిచిన ఐరోపా ప్రాంతాలలో జపాన్ కౌజు జన్యువులు అడవి వలస కౌజులలో కనిపించాయి. మిగులు పక్షులను పుణ్యమని పొలాలలో వదలడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. కౌజు పెంపకంపై ఇచ్చే ప్రతి శిక్షణలోనూ ఈ విషయం చేరాలి.

పొలం స్థాయిలో ఖర్చులేని చర్యలు కొన్ని ఉన్నాయి. గట్ల గడ్డిని సెప్టెంబరు వరకు కోయకుండా ఉంచవచ్చు. విత్తేటప్పుడు ఒలికిన మందు విత్తనాలను వెంటనే పూడ్చవచ్చు. కోత యంత్రాన్ని చేను అంచుల నుండి లోపలికి నడిపితే పక్షులు మధ్యలో చిక్కుకుంటాయి. మధ్య నుండి బయటికి నడిపితే గట్లవైపు పరుగెత్తి తప్పించుకుంటాయి. ఎగరడం రాని పిల్లలకు ఆ దారి ఒక్కటే దిక్కు.