బొమ్మల తెర మీద తెలుగు అక్షరం

అమ్మకో నాన్నకో బదిలీ అయితే సామానుతో పాటు కంప్యూటరు ఫైళ్లూ మన వెంట వస్తాయి. తెలుగు ఫైళ్లు మాత్రం ఒకప్పుడు వచ్చినా చదవడానికి పనికొచ్చేవి కావు.

ఆదేశాలు టైపు చేయడానికి బదులు, తెర మీది బొమ్మల్ని మౌస్‌తో నొక్కే పద్ధతిని 1973లో జిరాక్స్ వారి ఆల్టో యంత్రం చూపింది. 1984లో ఆపిల్ మెకింతోష్, 1985లో మొదటి విండోస్ వచ్చాయి. 1990 నాటి విండోస్ 3.0లో పేకాట కూడా ఉంది. ముక్కల్ని లాగుతూ ఎందరో మౌస్ అలవాటు చేసుకున్నారు. (ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి!)

ఆ తెరకు తెలుగు మాత్రం రాదు. విండోస్ 95 రోజుల్లో ఫాంటు తయారుచేసేవారు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్టు, కొమ్ము, ఒత్తుల బొమ్మలు పెట్టేవారు. మనకు కనిపించేది తెలుగు, కంప్యూటరు దాచుకునేది ఇంగ్లీషు. పైగా ఒక్కో ఫాంటుది ఒక్కో లెక్క. విజయవాడలో తాతయ్య టైపు చేయించిన ఉత్తరాన్ని భిలాయిలో తెరిస్తే, ఇక్కడ ఆ ఫాంటు లేకపోతే, అర్థంకాని ఇంగ్లీషు గుర్తులే కనిపించేవి.

1991లో యూనికోడ్ తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలిచ్చింది. 'అ' సంఖ్య 3077. రంగుల కిటికీల కన్నా ఇదే పెద్ద మార్పని నాకనిపిస్తుంది. అయినా విండోస్‌లో అది పనిచేయడానికి 2001లో ఎక్స్‌పీ, గౌతమి ఫాంటు వచ్చేదాకా ఆగాల్సివచ్చింది. పదేళ్లు!

పాత ఫాంటు ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములున్నాయి. ఇంట్లో పాత సీడీలో అలాంటి ఉత్తరం దొరికితే, ముందు ఏ ఫాంటులో టైపు చేశారో కనుక్కోండి.