సారా వేలం నుంచి సంఘం తీర్మానం దాకా

చిల్లకూరు దగ్గర జాతీయ రహదారి ఎక్కితే నెల్లూరు గంట దూరం. ముప్పై ఏళ్ల కిందట పల్లె ఆడవాళ్లకు ఆ గంట చాలా పెద్దది. ఆసుపత్రికో, పెళ్లి బట్టలకో వెళ్లేవారు, అదీ ఇంట్లో మగవాళ్లు తోడుంటేనే. కలెక్టరాఫీసు గేటు దాటాల్సిన పని వాళ్లకేముంటుంది? అలాంటిది 1992లో నెల్లూరు జిల్లా పల్లెల నుంచి ఆడవాళ్లు గుంపులు గుంపులుగా కదిలొచ్చి సారా వేలంపాటలకు అడ్డుపడ్డారు. అధికారులు పాట వాయిదా వేసి మరో తేదీ పెట్టారు. ఆ తేదీకీ వచ్చారు. అలా వేలం పదేపదే వాయిదా పడింది.

దీనికి కాస్త ముందు, 1991లో, అమెరికాలో జుడిత్ బార్డ్‌విక్ అనే రచయిత్రి కంఫర్ట్ జోన్‌లో ఉండిపోతే వచ్చే ప్రమాదం గురించి ఒక పుస్తకం రాశారు. కంపెనీల్లో కుదురుకున్న ఉద్యోగుల గురించి రాసిన పుస్తకమది. కంఫర్ట్ జోన్ దాటాలన్న మాట ఇప్పుడు మన శిక్షణ తరగతుల్లో తరచూ వినిపిస్తుంది. భయం పోవాలని మేనేజర్ల చేత నిప్పుల మీద నడిపించేవాళ్లు కూడా ఉన్నారు. గంగమ్మ జాతరల్లో గుండం తొక్కే ఊళ్లవాళ్లకు అందులో కొత్తేముందో తెలియదు. నాయకత్వం ఎలా పెరుగుతుందో చూడాలంటే నెల్లూరు పల్లెల అనుభవమే ఎక్కువ చెబుతుంది.

కలిగిరి మండలంలోని దూబగుంటతో ఈ కథ మొదలవుతుంది. ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో పాకెట్ల సారాను ఊరూరా అందుబాటులోకి తెచ్చిన కాలమది. మగవాళ్ల కూలి డబ్బు సాయంత్రానికల్లా సారా అంగడికి చేరేది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. పొద్దంతా పొలంలో వంగి పనిచేసినవాళ్లు రాత్రి దీపం ముందు పలక పట్టుకున్నారు. వయసు మళ్లాక ‘అ’ దిద్దడమంటే నలుగురిలో నవ్వులపాలవుతామన్న బెరుకు. వాళ్లు దాటిన మొదటి గీత అదే. వాచకంలో తాగుడు వల్ల కూలిన సంసారాల కథలుండేవి. చదివిందాని మీద మాట్లాడుకోవాలి. ఎవరింటి గుట్టు వాళ్లు దాచుకున్న ఆడవాళ్లకు అక్కడే తెలిసింది, అందరి గుట్టూ ఒకటేనని.

తర్వాత అంగడి మూయించారు. సారా పాకెట్లు వీధిలో తగలబెట్టారు. బెదిరించడానికి వచ్చినవాళ్లకు చీపుళ్లు, కారప్పొడి ఎదురయ్యాయి. దూబగుంట కథ వాచకంలో పాఠమై పక్క ఊళ్లకు పాకింది. ఆ ఊరి వర్ధినేని రోశమ్మ పేరు జిల్లా దాటి రాష్ట్రమంతా వినిపించింది. ఆమె కాలేజీ చదువుకున్న మనిషి కాదు, ఏ పార్టీ తయారుచేసిన నాయకురాలూ కాదు.

ఈ వరసలో గమనించాల్సింది అడుగుల కొలత. పలక, తర్వాత సొంత ఊరి అంగడి, ఆ తర్వాత పక్క ఊరు, ఆఖరికి నెల్లూరు. మొదటి రోజే కలెక్టరాఫీసుకు రమ్మంటే ఎంతమంది వచ్చేవారు? మనస్తత్వ శాస్త్రంలోనూ దీనికి పాత ఆధారం ఒకటుంది. 1908లో యెర్కిస్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్లు ఎలుకల మీద ప్రయోగం చేశారు. పని కష్టమైనదైతే, ఇచ్చే కరెంటు షాకు మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా ఎలుకలు నేర్చుకోవడం మందగించింది. మధ్యస్థంగా ఉన్నప్పుడే త్వరగా నేర్చాయి. ఎలుకల సంగతిని మనుషులకు యథాతథంగా అంటగట్టలేం గానీ, బెరుకు మోతాదు మించకూడదన్నది దూబగుంటకు సరిపోయింది. పైగా అక్కడ ఎవరూ ఒంటరిగా గీత దాటలేదు.

సారా ఉద్యమానికి డెబ్భై ఏళ్ల ముందు ఇదే జిల్లాలో పొణకా కనకమ్మ దాటిన గీత వేరు. 1892లో మినగల్లులో పుట్టి, చిన్నతనంలోనే పొట్లపూడి సంపన్న కుటుంబానికి కోడలిగా వెళ్లారు. బడికి వెళ్లకుండానే ఇంట్లో చదువుకున్నారు. లోటు లేని ఇల్లు వదిలి వీధిలోకి రావడం లోటున్నవాళ్ల పోరాటం కంటే తేలిక అనుకోనక్కర్లేదు. వదులుకునేది ఎక్కువ ఉంటుంది. 1921లో పల్లిపాడులో గాంధీజీ ప్రారంభించిన పినాకినీ ఆశ్రమం వెనుక ఆమె ఉన్నారు. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకూ వెళ్లారు.

మళ్లీ రోశమ్మ కాలానికి వస్తే, సారా ఉద్యమం గెలిచింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. అంగళ్లు మళ్లీ తెరుచుకున్నాయి, ఉద్యమం మాత్రం అదే ఊపుతో తిరిగి రాలేదు. రోశమ్మ 2016లో కన్నుమూశారు. ఆమెకు దక్కిన పేరుకు, ఆమెలాంటి ఆడవాళ్లకు అధికారంలో దక్కిన చోటుకు పొంతన లేదు.

అయితే వాళ్లు నేర్చుకున్నది వృథా కాలేదు. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి పథకం నెల్లూరు పల్లెల్లోనే ఊపందుకుంది. తర్వాత అలాంటి పొదుపు సంఘాలు రాష్ట్రమంతా అల్లుకున్నాయి. బ్యాంకు మేనేజరు ఎదురుగా కూర్చోవడం, తీర్మానం రాయించడం, బాకీ కట్టనివాళ్ల ఇంటికి వెళ్లి అడగడం నాయకత్వానికి కొత్త పాఠాలయ్యాయి.

ఇక్కడే ఒక చిక్కు వచ్చిపడింది. సంఘానికి మొదటి లీడరు, రెండో లీడరు ఉంటారు, కొన్నేళ్లకోసారి మారాలి. కానీ బ్యాంకు పని తెలిసిన అక్క ఒక్కరే ఉంటే సభ్యులు ఆమెనే ఉండమంటారు, ఆమెకూ ఆ కుర్చీ అలవాటవుతుంది. ఒకప్పుడు గుండె దడతో ఎక్కిన బ్యాంకు మెట్లు ఇప్పుడు ఆమెకు సొంత వసారా. అలాంటి లీడరు ఈసారి లావాదేవీ చేయించాల్సింది రెండో లీడరు చేత. వోచరు తప్పు రాసినా, సంతకం చేయడానికి తడబడినా పక్క కుర్చీలో కూర్చుని చూడాలి. మాట అందించాలని నాలుక కొస దాకా వస్తుంది. మేనేజరు అలవాటు కొద్దీ పాత లీడరు వైపే తిరిగి మాట్లాడతారు. అప్పుడామె, ‘మా లీడరు ఈవిడే సార్, ఆమెనే అడగండి’ అనాలి.